చిన్న నగరాల్లో సైకిల్‌కు దారి ఇవ్వండి

సంపాదకులు గారికి,

నగర రవాణా గురించి పత్రికల్లో చర్చ వచ్చినప్పుడల్లా అది మహానగరాల చుట్టూనే తిరుగుతుంది. మెట్రో రైలు మార్గాలు, ఫ్లైఓవర్లు, సిగ్నళ్ల దగ్గర బారులు తీరిన వాహనాలు వార్తలవుతాయి. లక్ష నుంచి మూడు లక్షల జనాభా ఉండే చిన్న నగరాల సంగతి వచ్చేసరికి, అవి కూడా ఏదో ఒకనాటికి మహానగరాలు కావలసినవే అన్న ధోరణిలో నాలుగు మాటలు రాసి ముగిస్తారు. సైకిల్ తొక్కేవారికి సంబంధించినంత వరకు ఈ అంచనా తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. బడికి వెళ్లే పిల్ల మొదలుకొని రోజుకు వంద కిలోమీటర్లు సాధన చేసే క్రీడాకారుడి దాకా, అన్ని రకాల సైకిల్ ప్రయాణికులకు చిన్న నగరాన్ని మించిన చోటు లేదు. ఆ అనుకూలత ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని తెలియకుండానే ఎలా చేజార్చుకుంటున్నామో వివరించడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఒక చిన్న లెక్క. నడిబొడ్డు నుంచి శివారుకు ఏ దిక్కున చూసినా నాలుగు కిలోమీటర్లు ఉండే నగరం విస్తీర్ణం సుమారు 50 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు 5,000 మంది చొప్పున అందులో రెండున్నర లక్షల మంది నివసించగలరు. తొందర లేకుండా గంటకు 15 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కేవారు శివారు నుంచి నడిబొడ్డుకు 16 నిమిషాల్లో చేరుకుంటారు. ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లాలన్నా అరగంట దాటి రెండు నిమిషాలు చాలు. నిత్యం జరిగే ప్రయాణాల్లో చాలా భాగం ఇంతకన్నా చిన్నవే. ఇంటి నుంచి బడికి, పని చోటు నుంచి బ్యాంకుకు, గ్రంథాలయం నుంచి ఇంటికి ఉండే దూరం రెండు మూడు కిలోమీటర్లకు మించదు. ఇంత తక్కువ దూరానికి కారును బయటికి తీయడం, వెళ్లిన చోట నిలపడానికి జాగా వెతకడం, అక్కడి నుంచి మళ్లీ నడవడం కలిపి చూస్తే సైకిల్ వెనకబడేది ఏమీ లేదు. మహానగరంలో ఇవే పనులకు పది, పదిహేను కిలోమీటర్లు వెళ్లవలసి రావచ్చు. అక్కడ సైకిల్ ప్రయాణం దేహదారుఢ్యం, తెగువ రెండూ ఉన్న కొద్దిమందికే పరిమితమైపోతుంది.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో సైకిల్ వ్యవహారాలు చూసిన రోజర్ గెల్లర్ అనే అధికారి 2006లో తన నగర ప్రజలను నాలుగు రకాలుగా విభజించారు. ఎలాంటి రోడ్డు మీదైనా సైకిల్ తొక్కే నిర్భయులు నూటికి ఒక్కరు కూడా ఉండరని, కాస్త వసతి ఉంటే ధైర్యంగా తొక్కేవారు 7 శాతం ఉంటారని, ఏం చేసినా సైకిల్ ఎక్కనివారు 33 శాతం ఉంటారని ఆయన అంచనా. మిగిలిన 60 శాతం మందికి సైకిల్ అంటే ఇష్టమే, కానీ రోడ్డు అంటే భయం. అది ఒక నగరానికి వేసిన అంచనాయే అయినా, సైకిల్ విధానం ఎవరి కోసం రూపొందాలో చెప్పడానికి నాకు ఇంతకన్నా స్పష్టమైన చిత్రం కనిపించలేదు. ఆ 60 శాతం మందిని ఆపుతున్నవి ప్రధానంగా రెండు: దూరం, భయం. మొదటిదాన్ని చిన్న నగరం పుట్టుకతోనే తీసివేసింది. రెండోదాన్ని తీసివేయడానికి అక్కడ అయ్యే ఖర్చు, పట్టే కాలం మహానగరంతో పోలిస్తే చాలా తక్కువ.

పదేళ్ల పిల్లను ఉదాహరణగా తీసుకుందాం. గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగంతో వెళ్లినా, కిలోమీటరున్నర దూరంలోని బడికి ఆమె పది నిమిషాల్లో చేరుతుంది. అయితే తల్లిదండ్రులు మనసులో లెక్కవేసేది నిమిషాలను కాదు, దారిలో దాటవలసిన పెద్ద కూడళ్లను. మహానగరంలో అవి ఏడో ఎనిమిదో ఉంటే, చిన్న నగరంలో ఒకటో రెండో ఉంటాయి. ఆ ఒకటి రెండు కూడళ్లను సరిచేస్తే పిల్లను దింపి రావలసిన పని పెద్దలకు తప్పుతుంది. అంతకన్నా ముఖ్యంగా, తనంతట తాను వెళ్లి రాగలనన్న నమ్మకం ఆ పిల్లకు కలుగుతుంది. పెద్దయ్యాక ఎన్ని పాఠాలు చెప్పినా ఆ నమ్మకం అంత తేలికగా రాదని నేను గట్టిగా అనుకుంటాను.

వయసు మళ్లినవారి విషయం మరీ నిర్లక్ష్యానికి గురవుతోంది. సైకిల్ మీద కూర్చున్నప్పుడు శరీర భారంలో ఎక్కువ భాగాన్ని సీటు మోస్తుంది. అందువల్ల మోకాళ్ల నొప్పితో ఎక్కువ దూరం నడవలేనివారిలో చాలామంది సైకిల్ మీద ఆ దూరాన్ని సులువుగా దాటగలుగుతారు. నిలకడ తప్పుతుందన్న భయం ఉన్నవారికి మూడు చక్రాల సైకిళ్లు ఉన్నాయి. కాళ్లు సహకరించనివారికి చేతులతో తిప్పే సైకిళ్లు ఉన్నాయి. ఇలాంటి వాహనంతో రెండు కిలోమీటర్లు వెళ్లి రావడం సాధ్యమైన పని, పన్నెండు కిలోమీటర్లు వెళ్లి రావడం అంత తేలిక కాదు. సైకిల్ అనగానే ఆరోగ్యవంతుడైన యువకుడినే ఊహించుకునే అలవాటు వల్ల, అది ఎవరికి అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడుతుందో వారిని మనం మరిచిపోతున్నాం.

బరువులు మోసేవారిది మరో లోకం. ఉత్తరాలు అందించేవారు, ఇంటింటికీ వెళ్లి మరమ్మతులు చేసేవారు, తెల్లవారుజామున పత్రికలు వేసేవారు సైకిల్‌నే పనిముట్టుగా చేసుకొని బతుకుతారు. ఈ పత్రిక కూడా ఎన్నో ఇళ్లకు సైకిల్ మీదే చేరుతుంది కనుక, వారి భద్రత మీ పత్రికకు పరాయి విషయం కాదు. వీరికి దూరం తగ్గితే అదే పనిగంటల్లో మరిన్ని ఇళ్లు తిరగగలుగుతారు. రాత్రి పాళీ ముగించుకొని బస్సులు లేని వేళలో ఇల్లు చేరవలసిన ఆస్పత్రి సిబ్బందికి కూడా మూడు కిలోమీటర్ల సైకిల్ దారి, వెలుతురు ఉన్నదైతే, అన్నిటికన్నా నమ్మకమైన ఏర్పాటు.

ఇక క్రీడగా తొక్కేవారి సంగతి. మహానగరంలో ఉండే సైక్లిస్టు సిగ్నళ్లు, రద్దీ దాటి బయటి రోడ్డు ఎక్కేసరికే గంట గడిచిపోతుంది. చిన్న నగరంలో పావుగంటలో పొలాల మధ్యకు, కొండదారికి చేరవచ్చు. కాలిఫోర్నియాలోని డేవిస్ ఇందుకు మంచి ఉదాహరణ. సుమారు 67 వేల జనాభా ఉన్న ఆ విశ్వవిద్యాలయ పట్టణం 1967లోనే రోడ్ల మీద సైకిళ్లకు ప్రత్యేక వరుసలు గీసింది. అమెరికాలో అలాంటి తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. పిల్లలు, విద్యార్థులు, ఉద్యోగులు రోజూ సైకిల్ మీద తిరిగే ఆ పట్టణమే ఒక్క రోజులో 200 మైళ్లు, అంటే దాదాపు 320 కిలోమీటర్లు తొక్కే ‘డేవిస్ డబుల్ సెంచరీ’కి కూడా దశాబ్దాలుగా పేరు తెచ్చుకుంది. అమెరికా సైక్లింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్నది కూడా అక్కడే. నిదానంగా వెళ్లేవారికీ వేగంగా వెళ్లేవారికీ ఒకే ఊరు సరిపోతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వీరందరి అవసరాలు పైకి వేరువేరుగా కనిపించినా రోడ్డు దగ్గరకు వచ్చేసరికి ఒక్కటే అవుతాయి. దారి నున్నగా ఉండాలి, మధ్యలో తెగిపోకూడదు, ఒకరినొకరు దాటి వెళ్లేంత వెడల్పు ఉండాలి. పిల్ల గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, వెనక నుంచి పాతిక కిలోమీటర్ల వేగంతో వచ్చేవారు ఆమెను బెదరగొట్టకుండా పక్క నుంచి వెళ్లాలంటే రెండు మీటర్లకన్నా ఇరుకైన దారి పనికిరాదు. మూడు చక్రాల సైకిల్ ఒక్కటే మీటరు దాకా ఆక్రమిస్తుంది. మోటారు బండ్లు రాకుండా సైకిల్ దారి మొదట్లో స్తంభాలను దగ్గరదగ్గరగా పాతేస్తే, వాటి మధ్య నుంచి పట్టనివి మొదట వృద్ధుల, దివ్యాంగుల సైకిళ్లే. స్తంభాల మధ్య మీటరున్నర ఖాళీ వదిలితే ఆ ఇబ్బంది ఉండదు. అలాగే, వేగంగా వాహనాలు పోయే రోడ్డు పక్కన తెల్ల గీత గీసి దాన్ని సైకిల్ దారి అనడం ప్రజలను మభ్యపెట్టడమే. ఆ గీత నిర్భయులకు అవసరం లేదు, భయపడేవారిని కాపాడలేదు.

ఆగి, మళ్లీ బయలుదేరడం ఎంత శ్రమో సైకిల్ తొక్కనివారికి తెలియదు. మనిషి, సైకిల్ కలిసి 90 కిలోల బరువుంటే, ఆగిన చోటు నుంచి గంటకు 18 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పట్టే శక్తితో చదును రోడ్డు మీద మరో డెబ్బై, ఎనభై మీటర్లు వెళ్లవచ్చు. పది చోట్ల ఆగితే ముప్పావు కిలోమీటరు అదనంగా తొక్కినట్టే. తక్కువ సిగ్నళ్లున్న చిన్న నగరంలో ఈ శ్రమ సహజంగానే తగ్గుతుంది. కనుక రద్దీ లేని కూడళ్లలో కూడా హోదా కోసమన్నట్టు సిగ్నళ్లు నిలబెట్టే బదులు, వాహనాల వేగాన్ని తగ్గించే చిన్న వలయ కూడళ్లు కట్టడం మేలు.

కొండలు, ఎండ, చలి ఉన్న చోట ఇవన్నీ కుదరవని వాదించేవారికి కూడా జవాబులున్నాయి. నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో నిటారుగా ఉన్న ఒక వీధిలో సైకిల్ మీద ఉన్న మనిషిని పాదం కింద నుంచి పైకి నెట్టుకుపోయే యంత్రాన్ని 1993లోనే అమర్చారు. 130 మీటర్ల పొడవున్న ఆ ఎగువదారిని తొక్కకుండానే ఎక్కవచ్చు. అంతటి యంత్రం అక్కరలేని చోట విద్యుత్ సాయంతో నడిచే సైకిల్ ఆ పని చేస్తుంది. ఐరోపా నిబంధనల ప్రకారం అలాంటి సైకిల్ మోటారు 250 వాట్లకు మించకూడదు, గంటకు 25 కిలోమీటర్ల వేగం రాగానే సాయం ఆగిపోవాలి. ఇలాంటి హద్దు ఉన్నప్పుడే అది సైకిల్ దారిలో ఇతరులతో కలిసి నడవగలుగుతుంది. ఫిన్లాండ్‌లోని ఊలు సుమారు రెండు లక్షల జనాభా ఉన్న నగరం. అక్కడ శీతకాలమంతా మంచు పేరుకుంటుంది. అయినా సైకిల్ దారుల మీది మంచును శ్రద్ధగా తొలగిస్తారు కనుక జనం సైకిళ్లు మానరు. మొదటి శీతకాల సైక్లింగ్ మహాసభ 2013లో జరిగింది అక్కడే. ఎండ విషయంలో జర్మనీలోని మ్యూన్‌స్టర్‌ను చూడాలి. పాత కోటగోడ ఉండిన చోట నగరం నడిబొడ్డు చుట్టూ దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల మేర చెట్ల నీడలో సైకిల్ దారి వలయంగా సాగుతుంది. ఎండలు కాసే ప్రాంతాల్లో సైకిల్ దారి నమూనాలో మొదట గీయవలసింది చెట్ల వరుసనే అని నా నమ్మకం. రోడ్డు వెడల్పు పేరుతో మొదట నరికేది ఆ చెట్లనే కావడం నన్ను బాధిస్తుంది.

అయితే భయం పోవాలంటే వాహనాల వేగం తగ్గక తప్పదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనంలో 30 కిలోమీటర్ల వేగంతో వచ్చేదానికన్నా దాదాపు 2.8 రెట్ల గతిశక్తి ఉంటుంది. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, 30 కిలోమీటర్ల వేగంతో ఉన్న కారు పొడి రోడ్డు మీద పదమూడు మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. అదే కారు 50 కిలోమీటర్ల వేగంతో వస్తే, పదమూడు మీటర్లు దాటేదాకా అసలు బ్రేకే పడదు. నడిబొడ్డు నుంచి శివారుకు నాలుగు కిలోమీటర్లుండే నగరంలో 30 కిలోమీటర్ల వేగ పరిమితి పెడితే, శివారు నుంచి నడిబొడ్డుకు కారులో వెళ్లేవారు కోల్పోయేది రెండు మూడు నిమిషాలే. రహదారి భద్రతపై 2020లో వెలువడిన స్టాక్‌హోమ్ ప్రకటన, పాదచారులూ సైకిళ్లూ వాహనాలతో కలిసి తిరిగే చోట్ల 30 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్నే కోరింది.

వేగం ఒక్కటే చాలదు. నగరంలో పని లేకుండా దాని గుండా దూసుకుపోయే వాహనాలను బయటికి మళ్లించాలి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ 1977 సెప్టెంబరులో చేసింది అదే. మాక్స్ వాన్ డెన్ బెర్గ్ అనే యువ కౌన్సిలర్ చొరవతో నడిబొడ్డును నాలుగు భాగాలు చేశారు. కారులో ఒక భాగం నుంచి మరో భాగానికి నేరుగా పోయే వీలు లేకుండా, చుట్టూ ఉన్న రింగురోడ్డు మీదుగా రావలసిన విధంగా వీధుల దిశలు మార్చారు. సైకిల్‌కు, నడకకు మాత్రం ఎప్పటిలాగే నేరుగా దారి ఉంచారు. వ్యాపారులు తీవ్రంగా వ్యతిరేకించారు, వ్యాపారం మూతపడుతుందన్నారు. నగరం నిలబడింది, ఇప్పుడు అక్కడ నగరంలోపలి ప్రయాణాల్లో సగానికి పైగా సైకిళ్ల మీదే జరుగుతున్నాయి. నలభై ఏళ్ల తర్వాత, 2017 ఏప్రిల్‌లో బెల్జియంలోని గెంట్ నగరం ఇదే పద్ధతిని కార్లు రాని నడిబొడ్డు చుట్టూ ఆరు భాగాలుగా అమలు చేసింది. దీనికి ఫ్లైఓవర్లు అక్కరలేదు, భూసేకరణ అక్కరలేదు. సూచిక బోర్డులు, పూలతొట్లు, కొన్ని స్తంభాలు, ఒత్తిడికి తలొగ్గని పాలకవర్గం ఉంటే చాలు. మహానగరాన్ని ఇలా భాగాలు చేయడం చిక్కైన పని. చిన్న నగరానికి ఒక్క పటం చాలు, ఒక్క వారాంతం చాలు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న విషయానికి వస్తాను. చిన్న నగరానికి ఉన్న పెద్ద ఆస్తి దాని తక్కువ దూరాలేనని పైన చెప్పాను. ఆ ఆస్తిని పరుల చేతిలో పోగొట్టుకోవడం లేదు, మనమే చేజేతులా వదులుకుంటున్నాం. బైపాస్ రోడ్డు వేయడం ఆలస్యం, ఆస్పత్రి, కళాశాల, ప్రభుత్వ కార్యాలయాలు ఒక్కొక్కటిగా దాని పక్కకు తరలిపోతాయి. స్థలం చౌకగా దొరికిందని, కార్లు నిలపడానికి జాగా ఉందని సంతోషిస్తారు. కానీ రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆస్పత్రి ఎనిమిది కిలోమీటర్లు పోయి కూర్చుంటే, ఆ అదనపు భారం ఎవరి మీద పడుతుంది? సైకిల్ మీద చేరగలిగిన రోగి, వారిని చూడవచ్చే బంధువు, అక్కడ ఊడ్చే పనివారు, అందరూ మోటారు వాహనం కొనుక్కోవాలి లేదా ఛార్జీలు పెట్టుకోవాలి. పైగా దారిలో లారీలు తిరిగే హైవేను దాటవలసి వస్తుంది. ఇలాంటి తరలింపులు నాలుగైదు జరిగితే, జనాభా పెరగకుండానే ఆ నగరం మహానగరపు కష్టాలన్నీ కొనితెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఎన్ని సైకిల్ దారులు వేసినా పోయిన దగ్గరితనం తిరిగి రాదు.

విస్తరణ తప్పదనుకున్నప్పుడు కూడా దాన్ని తెలివిగా చేయవచ్చు. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ నగరం సమీపంలోని హౌటెన్ ఒకప్పుడు పల్లె. 1960ల చివరలో దాన్ని పట్టణంగా పెంచాలని నిర్ణయించినప్పుడు, కార్లన్నీ చుట్టూ ఉన్న రింగురోడ్డు నుంచే పేటల్లోకి వచ్చి తిరిగిపోవాలని, సైకిల్ దారులు మాత్రం పేటలన్నిటి నుంచి నేరుగా నడిబొడ్డుకూ రైల్వే స్టేషనుకూ చేరాలని పటం గీశారు. దాదాపు 50 వేల మందికి పెరిగినా ఆ ఏర్పాటు చెక్కుచెదరలేదు. రైలు ఎక్కడానికి సైకిల్ మీద వచ్చేవారికి భద్రంగా సైకిల్ ఉంచుకునే చోటు కూడా ముఖ్యమే. మ్యూన్‌స్టర్ స్టేషను దగ్గర 1999లో సుమారు 3,300 సైకిళ్లు పట్టే భూగర్భ స్టాండు కట్టారు. ఒక కారు నిలిపే చోట ఎనిమిది నుంచి పది సైకిళ్లు పడతాయి కనుక, మన పాలకులు స్థలం లేదని చెప్పే సాకు నిలవదు.

సైకిళ్లు పెరిగితే ప్రమాదాలు పెరుగుతాయన్న భయం కొందరికి ఉంది. పీటర్ జేకబ్‌సన్ అనే అమెరికా పరిశోధకుడు 2003లో ప్రచురించిన అధ్యయనం దీనికి భిన్నమైన సంగతి చెప్పింది. సైకిల్ మీద వెళ్లేవారి సంఖ్య రెట్టింపైతే ఒక్కొక్కరికి ఎదురయ్యే ప్రమాదం సుమారు మూడో వంతు తగ్గుతుందని ఆయన లెక్క తేల్చారు. రోడ్డు మీద సైకిళ్లు ఎక్కువగా కనిపించేకొద్దీ డ్రైవర్లు వాటిని ముందే ఊహించి జాగ్రత్తపడటం దానికి ఒక కారణం. చిన్న నగరంలో ఆ మార్పు తొందరగా వస్తుంది. పరిచయస్థుల పిల్లలు, సహోద్యోగులు సైకిల్ మీద ఎదురయ్యే చోట డ్రైవరుకు వారు కేవలం అడ్డంకులుగా కనిపించరు.

పురపాలక సంఘాలను నేను కోరేది పెద్ద బడ్జెట్లు కాదు. బడుల చుట్టూ ఒక కిలోమీటరు పరిధిలో మొదట వేగాన్ని 30 కిలోమీటర్లకు తగ్గించమని, నగరం గుండా దూసుకుపోయే వాహనాలకు అడ్డుకట్ట వేయమని, ఒక పేట నుంచి మరో పేటకు తెగిపోని సైకిల్ దారి కనీసం ఒక్కటైనా ఈ ఏడాదే పూర్తి చేయమని అడుగుతున్నాను. అర కిలోమీటరు వేసి వదిలేసిన సైకిల్ దారి ఎవరికీ ఉపయోగపడదు. అది ఖాళీగా ఉందని చూపించి పథకాన్నే రద్దు చేయడం మాత్రం తరచుగా జరుగుతుంది.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఏ చిన్న నగరంలోనైనా కొత్త ఆస్పత్రికో కళాశాలకో స్థలం ఖరారైందని వార్త వచ్చినప్పుడు, అంచనా వ్యయంతో పాటు అది నడిబొడ్డుకు ఎంత దూరంలో ఉందో, అక్కడికి పన్నెండేళ్ల పిల్ల సైకిల్ మీద ఒంటరిగా వెళ్లగలిగే దారి ఉందో లేదో కూడా అధికారులను అడిగి రాయవలసిందిగా మీ విలేకరులకు సూచించండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు